మన గ్రంథాలయములకు తాతగారు

(టేకుమట్ల గ్రంథాలయ రజతోత్సవ సభలో, మాడపాటి హనుమంతరావుగారి చిత్రపటమును నెలకొల్పిన సందర్భమున చేసిన ప్రసంగము)



నాకు అప్పగించిన పని చిన్నది. మన పఠనమందిరపు గోడకు మాడపాటివారి పటమును ఎక్కించుచున్నాము గనుక, వారెవరో నాలుగు మాటలు చెప్పుమన్నారు. నేను పండితుడను గాను. లెక్కలు వ్రాసి బ్రదుకువాడను. భారత భాగవతములు గురుముఖమున విన్నవాడను గాను. రాత్రివేళ దీపము ముందు కూర్చుండి ఒంటిగా కూడబలుకుకొన్నవాడను. కావున నా మాటలలో శాస్త్రము తక్కువయు, లెక్క యెక్కువయు ఉండిన మన్నింతురు గాక.

మాడపాటివారిని జనులు ఆంధ్రపితామహుడనిరి. పితామహుడనగా తండ్రికి తండ్రి, ఇంటికి పెద్ద. భారతము చదివినవారికి ఆ మాట వినగనే భీష్ముడు కన్నులకు కట్టును. కురుకులమున భీష్మునికి మ్రొక్కనివాడు లేడు. ఆయన మాట విన్నవాడును లేడు. నిండుసభలో ద్రౌపది ప్రశ్న వేసిననాడు, ధర్మము మిక్కిలి సూక్ష్మమైనది, తేల్చి చెప్పజాలనని ఆ వృద్ధుడు తప్పించుకొనెను. తరువాత అంపశయ్య మీద పరుండి ధర్మరాజునకు చెప్పిన ధర్మములు శాంతిపర్వమును, ఆనుశాసనిక పర్వమును నింపినవి. తిక్కనగారి తెలుగులో వానిని చదువునపుడెల్ల నాకొక్కటే తోచును: ఇందులో వీసమెత్తు ఆనాడు సభలో చెప్పియుండిన ఎంత బాగుండెడిది! చెప్పవలసిన నాడు చెప్పుటయే పెద్దరికమునకు పరీక్ష. మాడపాటివారిని కూడ ఈ పరీక్షకే నిలిపి చూతము. పటము గోడకెక్కినంత మాత్రమున మనిషి పరీక్షకు అతీతుడు కాడు.

వారు 1885 జనవరి 22న కృష్ణాజిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో పుట్టిరి. చిన్ననాడే తండ్రి పోగా సూర్యాపేటలో మేనమామగారి యింట పెరిగిరి. తండ్రి నీడ యెరుగని బాలుడు తుదకు అందరికి తాత యగుట విధి చేసిన వింతలలో నొకటి. చదువు అయిన పిమ్మట హనుమకొండలో సర్కారు కచేరిలో గుమాస్తాగా కుదిరిరి. గుమాస్తా యనిన చులకన చేయకుడు. ఏ కాగితము ఎక్కడనుండి వచ్చి ఎక్కడికి పోవునో, ఏ మాట ఏ గడిలో వ్రాసిన చెల్లునో గుమాస్తాకు తెలిసినట్లు దొరకు తెలియదు. వారి జీవితకార్యమంతయు ఈ విద్యమీద నిలిచినదని నా నమ్మకము.

ఆ దినములలో నైజాము రాజ్యమున కచేరికి ఉర్దూ, పై చదువునకు ఉర్దూ. తెలుగు ఇంటిలో మాటాడుకొను భాషయేగాని వీధిలో దానికి కుర్చీ లేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము పుట్టినది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు దానికి మూలపురుషులు. మూడేండ్లకు, 1904లో, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము వెలసినది. ఈ రెండవదానికి ఎరువు పెట్టి నీరు పోసినవారిలో మన గుమాస్తాగారు ఒకరు. ఇరువది యేండ్లైన నిండని పడుచువాడు, జీతము రాళ్లు లెక్కపెట్టుకొనువాడు, పగలు సర్కారు కాగితములు, సాయంకాలము పుస్తకాల బీరువా. పరకాల మీదుగా బస్సెక్కి హనుమకొండకు పోయి వచ్చు మన పిల్లలు ఈసారి ఆ నిలయము ముందు ఒక్క నిమిషము నిలువవలెనని నా కోరిక. మన బీరువాకు అది పెద్దమ్మ వంటిది.

ఇచ్చట ఒక సందేహము తీర్చవలెను. పటము విషయమై కార్యవర్గమున చర్చ జరిగినపుడు ఒక యువకుడు ఇట్లడిగెను: తెలంగాణ రాష్ట్రము 2014లో వేరుగా ఏర్పడినది గదా, ఇప్పుడు ఆంధ్రపితామహుని పటము మనకేల? ప్రశ్న న్యాయమైనదే. కాని మాటలకును వయస్సు కలదు. ఆ కాలమున నైజాము రాజ్యములోని తెలుగువాడు తన్ను తాను ఆంధ్రుడనుకొనెను. ఆంధ్రమనగా తెలుగు, అంతకు మించి సరిహద్దు రాళ్లు అందు లేవు. నేడు ఆ మాటకు వేరు అర్థము పట్టినది. మా పాత దస్త్రములలో కల్దారు నాణెముల లెక్క వేరు, హాలీ సిక్కా లెక్క వేరు. ఏనాటి రూకకు ఆనాటి విలువ కట్టనివాడు లెక్కలో దెబ్బతినును.

తరువాత వారు హైదరాబాదు చేరి వకీలైరి. ముషీరె దక్కను అను ఉర్దూ దినపత్రికలో వ్రాసిరి. దొరల భాషలోనే దొరలకు చెప్పిరన్నమాట. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో సంఘసంస్కార మహాసభ జరిగినది. పూనానుండి వచ్చిన కర్వే మహాశయులు అధ్యక్షులు. ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో మాటాడినవారిని జనులు విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావుగారు లేచి తెలుగులో మొదలిడగనే నవ్వులు, కేకలు. ఆయన మాటలు ఎవరి చెవినబడలేదు. సొంత రాజ్యమున, సగము జనుల భాషకు జరిగిన మర్యాద అది. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. కూడినవారు పది పన్నెండుగురు మాత్రమే. దాని వ్రాతకోతల భారము మాడపాటివారి భుజముల మీద పడినది. ఆ తరువాత వారు దానిని దింపలేదు.

ఆ సంఘము చేసిన పనులు విన్న నేటి పిల్లలకు ఉత్సాహము కలుగకపోవచ్చును. గ్రంథాలయములు పెట్టుడనిరి. పాఠశాలలు పెట్టుడనిరి. శాసనములు, తాటాకు గ్రంథములు పోగుచేయుడనిరి. చిన్న పుస్తకములు అచ్చువేసి ఊళ్లకు పంపిరి. సభ జరుపుటకు ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకొనవలెనను గస్తీ నిషాన్ 53 వచ్చినపుడు, ఆ అనుమతికై అర్జీ మీద అర్జీ పెట్టిరి. ఇందులో వీరరసము లేదు. ఉన్నదంతయు విసుగు చెందని చేయి.

ఇప్పుడు నేను చెప్పబోవునది మా యింటి సంగతి. చెప్పక తప్పదు, లేనిచో ఆ చిన్న పుస్తకముల విలువ మీకు తెలియదు.

మా పెద్దతాతగారు పట్వారీ. 1984లో ఆ పదవులు రద్దగువరకు మా యింట ఆ పని సాగినది. ఆయన ఇంటికి పెద్ద యన్న అట్టి పెద్ద నేడు కానరాడు. ఇరువదిమంది ఒక్క పంక్తిని తినెడివారము. ఆయన మంచము మీదనుండి లేచువరకు మరొకరు మంచమెక్కెడివారు కారు. ఇనుపపెట్టె తాళములు ఆయన మొలత్రాటికే వ్రేలాడెడివి. దౌరాకు హాకిములు వచ్చిరనిన ఊరంతయు వణకెడిది. కుమ్మరి కుండలు తేవలెను, చాకలి గుడారము వద్ద ఊడిగము చేయవలెను, మాదిగవారు సామాను మోయవలెను, గొల్లవారు మేకనీయవలెను, కోమటి సర్కారు నిరఖుకు, అనగా వారు పెట్టిన ధరకు, బియ్యము నెయ్యి కొలువవలెను. ఆ ధరయైనను చేతికి వచ్చుట అరుదు. దీనికే వెట్టి యని పేరు. ఎవరు ఏమి తేవలెనో పేర్లు వ్రాసి పంపుట పట్వారీ పని.

మా పెద్దతాతగారు పోయిన నెలకే భూములు పంచుకొన్నారు. ఇత్తడి బిందెలు పంచుకొన్నారు. దస్త్రమును అడిగినవారు లేరు. అది నాకు వచ్చినది. విప్పి చూడగా పహాణీ నకళ్ల నడుమ ఒక పొడవాటి చిట్టా కలదు. దౌరాల చిట్టా యది. మనిషి పేరు, తెచ్చిన వస్తువు, ఎంత, ఏనాడు అను గడులన్నియు ముత్యాల వంటి అక్షరములతో నిండియున్నవి. కూలి అను గడి లేదు. ఖాళీగా విడిచినది కాదు, గీతయే గీయలేదు. నేను ముప్పది యేండ్లుగా లెక్కలు వ్రాయుచున్నాను. లేని గడిని చూచి చేయి ఆగిపోయినది ఆ ఒక్కసారియే.

ఆ వెట్టికి కూలి ఇచ్చి తీరవలెనను కట్టుబాట్లు సర్కారు కాగితములలో ఉండెను. కాని ఆ కాగితములు ఉర్దూలో ఉండెను, కచేరిలో ఉండెను. కుండలు మోసినవానికి వాని సంగతి తెలియదు, తెలియనిచ్చువారు లేరు. ఆంధ్రజనసంఘమువారు వెట్టిచాకిరిని గూర్చి, వర్తక స్వాతంత్ర్యమును గూర్చి తెలుగులో పుస్తకములు అచ్చువేసి పంచిరి. అదియే గుమాస్తా విద్య. తెర వెనుకనున్న తాఖీదును తెచ్చి చావడిలో పెట్టిరి. అట్టి పుస్తకమొకటి తన చావడికి వచ్చినదని, చూచి ముందు మండిపడితినని, పిదప చించక దాచితినని మా పెద్దతాతగారు చెప్పెడివారు. తరువాత మీ చిట్టాలో కూలి గడి గీసితిరా యని ఒకనాడు నేనడిగితిని. హాకిములకు ఎదురు చెప్పుట పట్వారీ తరమా యనిరి. అది కొంత నిజము, కొంత సాకు. ఆయన మమ్ము పెంచిన పెద్ద. ఆయన పెట్టిన అన్నము తిన్నాను, ఆయన దిద్దించిన అక్షరములే నేడు నాకు కూడు పెట్టుచున్నవి. అయినను సభలో నిజము పలుకవలెను. ఆ చావడిలో నోరు తెరువవలసినవాడు నోరు తెరువలేదు. పొరుగూరివాడు, మొగము చూడనివాడు, అచ్చుకాగితముగా వచ్చి ఆ మాట చెప్పిపోయెను. మన గ్రామమున ఎన్నడు అడుగు పెట్టనివానిని ఇంటిపెద్ద యని ఎట్లందుమని అడిగినవారికి నా జవాబు ఇదే.

ఇక బాలికల పాఠశాల కథ. 1928లో హైదరాబాదు నారాయణగూడలో ఆంధ్ర బాలికల కొరకు వారు బడి పెట్టిరి. బోధన తెలుగులో. తెలుగు బోధనకు ఉస్మానియా విశ్వవిద్యాలయము గుర్తింపు లభింపలేదు. గుర్తింపు లేని చదువునకు పిల్లల నెవరు పంపుదురు? వారు పూనాలోని కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయముతో బడిని సంబంధపరచిరి. ఏ కర్వేగారు అధ్యక్షత వహించిన సభలో తెలుగు మాట నవ్వులపాలయ్యెనో, ఆ కర్వేగారి విద్యాలయపు నీడనే తెలుగు బడి నిలిచినది! ఎవరి మీదను పగ పెట్టుకొనక పని కుదిరినచోటికి పోవు స్వభావము ఇందు కనబడుచున్నది. నాకైతే ఆయన అందుకొన్న బిరుదులన్నిటికంటె ఈ బడి గొప్పదిగా తోచును.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగినది. నాలుగవది 1935లో సిరిసిల్లలో. దానికి మాడపాటివారే అధ్యక్షులు. అచ్చటనే జరిగిన మహిళాసభకు వారి ధర్మపత్ని మాణిక్యమ్మగారు అధ్యక్షురాలు. సిరిసిల్ల ప్రక్కగా పారిన మానేరే క్రిందికి వచ్చి మన మండలపు సరిహద్దున పారుచున్నది. ఆ నీరు మనకు తెలిసినదే. ఆ మాటలు మాత్రము ఇచ్చటికి చేరుటకు చాల యేండ్లు పట్టినవి.

రెండవ అభ్యంతరము దీనికంటె బరువైనది. వెట్టి పోయినది అర్జీలతో కాదు, నెత్తురుతో గదా యని ఒక పెద్దమనిషి అడిగెను. ఆయన ఈ సభలోనే ఉన్నారు. నిజమే. 1944లో భువనగిరి మహాసభ నాటికి మహాసభ రెండుగా చీలినది. రావి నారాయణరెడ్డిగారు మొదలైన యువకులు రైతుకూలీల వైపు నడచిరి. అర్జీలవారు వెనుకకు తగ్గి వేరుగా కూడిరి. 1946 జులై 4న జనగామ ప్రాంతపు కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు నేలకొరిగెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను తాను దక్కించుకొనెను. వీరెవ్వరును అనుమతి కొరకు అర్జీ పెట్టినవారు కారు. కొమురయ్య ప్రాణమునకు సరితూగు కాగితము ఏ దస్త్రమునందును లేదు. ఆ పటము మన గోడపై ముందే ఉన్నది, ఉండదగినదే.

కాని లెక్కలో రెండు ప్రక్కలు చూడవలెను. భువనగిరికి పోయిన యువకులు చదువు నేర్చినది ఎక్కడ? పెద్దలు పెట్టిన గ్రంథాలయములలో, పెద్దలు అనుమతి తెచ్చిన సభలలో. వట్టికోట ఆళ్వారుస్వామిగారు దేశోద్ధారక గ్రంథమాలను నడిపి, పుస్తకములు మోసి ఊరూర అమ్మి, చెరసాలకును పోయిరి. పుస్తకమునకును పోరాటమునకును నడుమ గోడ లేదనుటకు ఆయన బ్రదుకే సాక్ష్యము. భువనగిరినాడు పెద్దలు అలిగి లేచిపోక, పిల్లల మాట వినుచు ఆ పందిటిలోనే ఒక మూల కూర్చుండియుండిన బాగుండెడిదని నా అభిప్రాయము. భీష్ముడు చెప్పవలసిననాడు చెప్పలేదు. మాడపాటివారు చెప్పవలసిననాడు చెప్పిరి, వినవలసిననాడు ఉండలేకపోయిరి. ఈ రెండింటిలో మొదటి కొరతయే పెద్దదని నేననుకొందును. కాదనువారు ఈ సంచికలోనే వ్రాయవచ్చును. సంపాదకులు పుటలు విడిచి ఉంచినారు.

తరువాతి కథ అందరికి తెలిసినదే, త్వరగా చెప్పెదను. 1951లో హైదరాబాదు నగరమునకు మొదటి మేయరు. 1955లో పద్మభూషణ. 1958 నుండి 1964 వరకు శాసనమండలి అధ్యక్షులు. నడుమ, 1949, 1950 సంవత్సరములలో, తెలంగాణా ఆంధ్రోద్యమము అను పేర ఆ యుద్యమ చరిత్రను రెండు భాగములుగా వ్రాసి ప్రకటించిరి. తీర్మానములు, సభల వృత్తాంతములు, సర్కారుతో నడచిన వ్యవహారములు వరుసగా అందు కలవు. కథ వలె చదువుకొందుమనిన సాగదు. దస్త్రము వలె విప్పిన ప్రతి పుట పనికివచ్చును.

1970 నవంబరు 11న ఎనుబదియైదేండ్ల వయసున వారు కన్నుమూసిరి. ఆంధ్రజనసంఘము పుట్టినది 1921 నవంబరు 12న. కూడి చూచితిని: నలుబదితొమ్మిది సంవత్సరములకు ఒక్క దినము తక్కువ. ఇట్టి లెక్కలు వేయుట మా వృత్తివారికి జబ్బు.

పటము క్రింద ఏమి వ్రాయవలెనని చిత్రకారుడు అడిగెను. బిరుదులన్నియు పట్టవని, పేరును, పుట్టిన గిట్టిన సంవత్సరములను, క్రింద హనుమకొండ 1904 అనియు వ్రాయుమంటిని. ఆ యేడు ఏమి జరిగినదని పిల్లలు అడుగుదురు. అడిగిన చెప్పుట గ్రంథపాలకుని వంతు.

మా పెద్దతాతగారి దౌరా చిట్టాను కూడ ఈ దినమున గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాను. మా యింటివారిలో కొందరికి ఇది నచ్చలేదు; పెద్దాయన పేరు వీధిలో పెట్టితివనిరి. అందులో ఆయన పేరొక్కటియే గాదు, కుండలు తెచ్చినవారి పేర్లు, సామాను మోసినవారి పేర్లు కలవు. వారి మనుమలు ఈ ఊళ్లలోనే ఉన్నారు, ఈ సభలోను కొందరు ఉన్నారు. తమ తాతల పేర్లు ఎక్కడను వ్రాసి లేవనుకొన్నవారు వచ్చి చూచుకొనవచ్చును. కాగితము పెళుసుబారినది, తడిచేతితో ముట్టరాదు, బయటికి తీసికొనిపోరాదు. తెలంగాణా ఆంధ్రోద్యమము రెండు భాగములను మాత్రము చందాదారులు ఇంటికి తీసికొనిపోవచ్చును. పదునైదు దినములలో తిరిగి ఈయవలెను.